నేల ట్రస్టుది, ఇల్లు మీది: సంతకానికి ముందు చూడాల్సినవి

అమెరికాలో కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ (ఇళ్లు అందుబాటు ధరలో ఉండేలా నేలను తన దగ్గరే ఉంచుకునే లాభాపేక్ష లేని సంస్థ) ద్వారా ఇల్లు కొంటే కట్టడం మీ పేరిట ఉంటుంది, నేల ట్రస్టు పేరిట. దానికి మామూలుగా 99 ఏళ్ల లీజు రాస్తారు. (ఈ ఆలోచన వెనుక 1951లో మన పోచంపల్లిలో మొదలైన భూదానం, దాని కొనసాగింపుగా ఊరి భూమిని ఊరి ఉమ్మడిది చేసిన గ్రామదానం కూడా ఉన్నాయి.)

ముందు ఆదాయ పరిమితి చూసుకోండి; చాలాచోట్ల ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు. తర్వాత హోమ్‌బయ్యర్ క్లాసు, అంటే ఇల్లు కొనేవాళ్లకు పెట్టే శిక్షణ. ఆపైన లోను. చాలామంది తడబడేది ఇక్కడే: మామూలు ప్రీ-అప్రూవల్ (లోను ఇస్తామని బ్యాంకు ముందస్తుగా చెప్పే మాట) తెచ్చుకుంటారు, తీరా నేల లీజుదని తెలిశాక బ్యాంకు వెనక్కి తగ్గుతుంది. ఇలాంటి లోన్లు ఇదివరకే ఇచ్చిన బ్యాంకుల జాబితా ట్రస్టునే అడగండి.

లీజులో అన్నిటికంటే నిదానంగా చదవాల్సింది రీసేల్ ఫార్ములా, అంటే మీరు ఇల్లు తిరిగి అమ్మేటప్పుడు ధర కట్టే లెక్క. వెర్మాంట్‌లోని చాంప్లెయిన్ హౌసింగ్ ట్రస్ట్ వాడుతూ వచ్చిన 25 శాతం పద్ధతే తీసుకోండి. 3,00,000 డాలర్ల ఇంటికి సబ్సిడీ 75,000 పోను మీ ధర 2,25,000. అమ్మేనాటికి విలువ 3,60,000 అయితే పెరిగిన 60,000లో మీ వాటా 15,000. అంటే అమ్మకం ధర 2,40,000. అందులోంచి మిగిలిన లోను తీరుస్తారు. మార్కెట్ ధర చేతికొస్తుందనుకునేవాళ్లు ఈ దారి పట్టకపోవడమే మేలు.

వంటగది మార్పించాలంటే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. లేకపోతే అమ్మకం ధర కట్టేటప్పుడు ఆ ఖర్చు లెక్కలోకి రాకపోవచ్చు. అద్దెకివ్వడం కూడా సాధారణంగా కుదరదు.