మా బోర్డర్ కోలీ బండ్ల వెంటపడడం ఎలా మానింది

ఒంగోలులో మా వీధిలో బైకు శబ్దం వినిపిస్తే చాలు, మా బోర్డర్ కోలీ జాతి కుక్క చిన్నిగాడు గేటు దగ్గర నేలకు కరుచుకుని, బండి దాటగానే బాణంలా వెంటపడేవాడు. ఒకరోజు పాలబ్బాయి కిందపడబోయి, "ఏందన్నా, కట్టేసుకోవచ్చు గదా" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

కట్టేశాను. అదే నా తప్పు. 2 రోజుల్లో చెప్పులు, చాప, పరుపు మూల అన్నీ పీలికలు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలను తోలడానికి పెంచిన జాతి ఇది, కదిలేదాన్ని చుట్టుముట్టడం వాడి రక్తంలోనే ఉంది. పొగరు కాదు, పని లేకపోవడం. (ఈ ఎండల్లో ఇంత బొచ్చు కుక్కెందుకురా అని అమ్మ తిట్టింది, ఆ మాటా నిజమే.)

అందుకని తెల్లవారుజామున 5 గంటలకే, తారురోడ్డు కాలకముందే, పొడవాటి తాడుతో బయల్దేరేవాళ్లం. దూరంగా బండి కనిపించగానే, వాడు ఇంకా ఒంగకముందే పేరు పెట్టి పిలిచి, నా వైపు చూస్తే ఉడికించిన కోడి ముక్క ఒకటి నోట్లో పెట్టేవాణ్ణి. ఒంగాక పిలిస్తే వినడు, కిటుకంతా ఆ అరక్షణంలోనే ఉంది. మొదట రోడ్డుకు 50 అడుగుల దూరంలో, తర్వాత 30, అలా మెల్లగా దగ్గరికి. సాయంత్రం తిండి గిన్నెలో పెట్టడం మానేసి పాత తువ్వాలులో చుట్టి ఇస్తే, వాసన పట్టి విప్పుకుని తినేసరికి మనిషి, అదే, కుక్క అలిసిపోయేది.

2 నెలలు పట్టింది. మొన్న పాలబ్బాయి హారన్ కొట్టినా వాడు నా జేబు వైపే చూశాడు. బుల్లెట్ బండి వస్తే మాత్రం ఇంకా తాడు గట్టిగా పట్టుకోవాల్సిందే.