ఇంట్లో కప్‌కేక్ అలంకరణ, 3వ పాఠం: బ్యాగ్ పట్టడం, నొక్కడం, మొదటి సుడి

మొదటి పాఠంలో కేకుల పైభాగం చదునుగా వచ్చేలా బేక్ చేయడం చూశాం, రెండోదాంట్లో బటర్‌క్రీమ్ చేశాం. ఈసారి పైపింగ్, అంటే క్రీమ్‌ని కోన్ లాంటి బ్యాగ్‌లో నింపి, దాని కొనకి పెట్టిన నాజిల్‌లోంచి నొక్కుతూ కేకు మీద ఆకారాలు వేయడం. ఇక్కడికి రాగానే చాలామంది ముందు అడిగేది ఏ నాజిల్ కొనాలి అని. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను, నాజిల్ గురించి తర్వాతైనా ఆలోచించవచ్చు. క్రీమ్ పదును కుదిరి, చెయ్యి ఒకే తీరుగా నొక్కడం అలవాటైతే ఒక్క నాజిల్‌తోనే నాలుగైదు రకాలు వేసుకోవచ్చు. ఆ రెండూ కుదరకపోతే డబ్బా నిండా నాజిళ్లు ఉన్నా కేకు మీద ముద్దలే పడతాయి. అందుకే ఈ పాఠమంతా ఆ రెండింటి మీదే.

నాజిల్ విషయం ఇప్పుడే తేల్చేద్దాం. ఒక పెద్ద ఓపెన్ స్టార్, అంటే నక్షత్రం ఆకారంలో మూతి ఉన్న నాజిల్, ఉంటే చాలు. విల్టన్ కంపెనీ నంబర్లలో దాన్ని 1ఎం అంటారు, వేరే కంపెనీలవి కూడా ఇదే ఆకారంలో దొరుకుతాయి. కొలతలో పెద్దదిగా ఉండాలి, అదొక్కటే చూసుకోండి. సెట్లలో వచ్చే చిన్న చిన్న నాజిళ్లు అక్షరాలకి, చుక్కలకి పనికొస్తాయి కానీ వాటితో సుడి వేస్తే దారాలు చుట్టినట్టు వస్తుంది.

క్రీమ్ పదును

పన్నెండు కప్‌కేకుల మీద ఎత్తుగా సుడులు వేయాలంటే 225 గ్రాముల బటర్, 450 గ్రాముల ఐసింగ్ షుగర్, ఒకటి రెండు చెంచాల పాలు, చిటికెడు ఉప్పు, కాస్త వెనీలా కావాలి. పోయిన పాఠంలో చేసిన కొలతే ఇది. స్పాచులాతో పల్చగా రాసుకునేవాళ్లకి ఇందులో సగం సరిపోతుంది.

ఇక అసలు సంగతి వేడి. బటర్ 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వేలితో నొక్కితే గుంట పడుతుంది, కానీ వేలికి జిడ్డు అంటుకుని మెరవదు. ఆ స్థితిలో గాలిని బాగా పట్టుకుంటుంది. 32 డిగ్రీలు దాటేసరికి దాదాపు కరిగిపోతుంది, ఒకసారి పూర్తిగా కరిగిందంటే అందులోని గాలి పోతుంది. మన అరచేతి వేడి కూడా ఇంచుమించు అక్కడే ఉంటుందని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే బ్యాగ్‌లో క్రీమ్ పాడయ్యేది ఎక్కువగా మన చేతి వల్లే.

పదును కుదిరిందో లేదో తెలుసుకోవడానికి స్పాచులాని క్రీమ్‌లో ముంచి నిటారుగా పైకి లాగండి. గిన్నెలో మిగిలిన మొన నిలబడి, చివర మాత్రం కొద్దిగా వంగితే అదే మనకి కావలసింది. మొన వంగకుండా కర్రలా నిలబడిందంటే గట్టిగా ఉంది, పైపింగ్ చేసేటప్పుడు అంచులు చిరిగినట్టు గరుకుగా వస్తాయి, చెయ్యి కూడా నొప్పి పుడుతుంది. అప్పుడు పాలు అర చెంచా చొప్పున వేస్తూ కలపండి, ఒకేసారి పోసేయకండి. మొన నిలవకుండా కిందికి కూలిపోతే జారుగా ఉంది.

జారుగా ఉన్నప్పుడు చాలామంది వెంటనే ఇంకో గుప్పెడు ఐసింగ్ షుగర్ వేసేస్తారు. దయచేసి అలా చేయకండి. పాలు ఎక్కువ పోసి ఉంటే చక్కెర పనిచేస్తుంది, నిజమే. కానీ క్రీమ్ జారిపోవడానికి ఎక్కువసార్లు కారణం వేడి, వేడికి మందు చల్లదనమే. గిన్నెని పది పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, అంచుల దగ్గర గట్టిపడ్డాక తీసి మళ్లీ బీట్ చేస్తే అదే క్రీమ్ లేచి నిలబడుతుంది. చక్కెర పోస్తూ పోతే తీపి ఎక్కువై తినేవాళ్లకి మొహం మొత్తుతుంది, గది వేడిగానే ఉంటుంది కాబట్టి కాసేపటికి మళ్లీ జారుతుంది.

బ్యాగ్‌లోకి ఎక్కించే ముందు ఇంకో చిన్న పని ఉంది. బీటర్ వేగంగా తిప్పినప్పుడు క్రీమ్‌లో పెద్ద గాలిబుడగలు చేరతాయి, సుడి వేస్తుంటే అవి మధ్యలో టప్‌మని పగిలి గీత తెగిపోతుంది. స్పాచులాతో క్రీమ్‌ని గిన్నె గోడకేసి అదుముతూ ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా కలిపితే ఆ బుడగలు పోయి నున్నగా తయారవుతుంది. విసుగనిపించినా మానొద్దు, ఫలితంలో తేడా కళ్లకి కనిపిస్తుంది.

బటర్‌క్రీమ్ కాకుండా వేరేవి వాడాలనుకునేవాళ్లకి రెండు మాటలు. క్రీమ్ చీజ్ కలిపిన ఫ్రాస్టింగ్ మెత్తగా ఉంటుంది, ఎత్తైన సుడులకి ఆగదు, ఒక్క చుట్టుతో ఆపేయండి. విప్డ్ క్రీమ్‌ని చివరి నిమిషం దాకా చల్లగా ఉంచాలి, వేశాక కూడా ఫ్రిజ్‌లోనే పెట్టాలి. ఈ పాఠం నేర్చుకోవడానికి మాత్రం మామూలు బటర్‌క్రీమే వాడండి, తప్పు వేసినా గీసి మళ్లీ వాడుకోవచ్చు.

బ్యాగ్ నింపడం

బ్యాగ్ కొనని నాజిల్ దాదాపు మూడో వంతు బయటికి వచ్చేలా కత్తిరించాలి. ముందు తక్కువే కత్తిరించి నాజిల్ పెట్టి చూసుకోండి, చాలకపోతే ఇంకాస్త కత్తిరించవచ్చు. ఎక్కువ కత్తిరిస్తే నొక్కగానే నాజిల్ బయటికి ఊడి వస్తుంది. ఒక పొడవాటి గ్లాసులో బ్యాగ్ నిలబెట్టి, పై అంచుని గ్లాసు మూతి మీదుగా బయటికి మడవండి. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి క్రీమ్ వేయడం తేలిక.

సగం వరకే నింపండి. మాటిమాటికీ నింపడం ఎందుకని నిండుగా కుక్కేస్తే బ్యాగ్ చేతిలో ఇమడదు, క్రీమ్ వెనక నుంచి పొంగుతుంది, కింది క్రీమ్ అయిపోయేలోపు పైది చేతి వేడికి కరిగిపోతుంది. నింపాక క్రీమ్‌ని నాజిల్ వైపు తోసి, పై భాగాన్ని మెలి తిప్పి, ఆ మెలిక బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య బిగించి పట్టుకోండి. నొక్కేది ఈ చెయ్యే, అదీ పై నుంచే. టూత్‌పేస్ట్ ట్యూబ్‌ని అడుగు నుంచి నొక్కినట్టు అన్నమాట. రెండో చెయ్యి నాజిల్ దగ్గర రెండు వేళ్లతో దారి చూపిస్తుంది తప్ప నొక్కకూడదు. ఈ ఒక్క విషయం కుదిరితే సగం పని అయిపోయినట్టే, కొత్తవాళ్ల గీతలు వంకరపోవడానికి పెద్ద కారణం రెండు చేతులూ ఒకేసారి నొక్కడం.

క్రీమ్ తగ్గేకొద్దీ మెలికని కిందికి తిప్పుతూ ఉండాలి, బ్యాగ్ ఎప్పుడూ బిగువుగా ఉండాలి. మొదట కొంచెం క్రీమ్ గిన్నెలోకే వదలండి, నాజిల్ దగ్గర చిక్కుకున్న గాలి పోతుంది.

కాగితం మీద సాధన

కేకుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఒక బేకింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో మీ కప్‌కేకు పైభాగమంత వృత్తాలు గీసి, కాగితాన్ని తిరగేసి పరచండి, గీతలు అవతలి నుంచి కనిపిస్తాయి, పెన్సిల్ క్రీమ్‌కి అంటదు.

ముందు నక్షత్రాలు. బ్యాగ్ నిటారుగా, నాజిల్ కాగితానికి ఒక అర సెంటీమీటరు పైన. నొక్కండి, క్రీమ్ పక్కలకి విచ్చుకోనివ్వండి, నొక్కడం పూర్తిగా ఆపండి, ఆ తర్వాతే పైకి లేపండి. ఈ వరుస మారకూడదు. నొక్కుతూనే లేపితే చివర పొడుగాటి తోక వస్తుంది, మీ నక్షత్రాలకి తోకలు వస్తున్నాయంటే కారణం ఇదే, క్రీమ్‌ది కాదు. ఓపికగా ఒక కాగితం నిండా నక్షత్రాలు వేయండి, అన్నీ ఒకే సైజులో వచ్చేదాకా. ఇందులో చేతికి తెలిసేది ఎంత నొక్కితే ఎంత క్రీమ్ వస్తుందో, అది చదివితే వచ్చేది కాదు.

తర్వాత తిన్నటి గీతలు. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తే నొక్కడం మారుతోంది. ముడతలు పడుతుంటే చెయ్యి నెమ్మదిగా కదులుతోంది, సాగి తెగిపోతుంటే వేగం ఎక్కువైంది. ఎంత నొక్కుతున్నారో, ఎంత వేగంగా కదులుతున్నారో ఆ రెండూ కలిసి నడవాలి.

కాగితం మీది క్రీమ్‌ని స్పాచులాతో గీసి గిన్నెలో వేసి ఒకసారి కలిపితే మళ్లీ సిద్ధం. మెత్తబడితే ఫ్రిజ్ సంగతి తెలుసుగా.

సుడి

కప్‌కేకు పూర్తిగా చల్లారిందా? అడుగున చెయ్యి పెట్టి చూడండి, ఏ కాస్త వెచ్చగా ఉన్నా ఆగండి. పైన చల్లగా అనిపించినా లోపల వేడి ఉంటే క్రీమ్ అడుగు కరిగి, పది నిమిషాల్లో సుడి మొత్తం పక్కకి జారిపోతుంది. ఓవెన్‌లోంచి బయటపెట్టాక, పాన్‌లోంచి తీసి జాలీ మీద పెట్టి కనీసం ఒక గంట వదిలేయడం మంచిది.

బ్యాగ్ నిటారుగా పట్టుకోండి. కేకు అంచు నుంచి కొద్దిగా లోపల, ఒక సెంటీమీటరు పైన నాజిల్ ఉంచి నొక్కడం మొదలుపెట్టండి. నాజిల్‌ని కేకుకి ఆనించి గీకకూడదు, క్రీమ్ పై నుంచి కిందికి దిగి పడుకోవాలి, అప్పుడే నక్షత్రం అంచుల గీతలు స్పష్టంగా నిలుస్తాయి. ఒక చుట్టు అంచు వెంబడి తిప్పండి. మొదలుపెట్టిన చోటికి వచ్చాక ఆగకుండా లోపలికి జరిగి, మొదటి చుట్టు మీద సగం ఆనేలా రెండో చుట్టు, దాని మీద ఇంకా చిన్నది మూడోది. మధ్యకి వచ్చాక ఒక్క క్షణం కిందికి నొక్కినట్టు చేసి, పిండడం ఆపి, నేరుగా పైకి లేపండి. ఏ దిక్కుకి తిప్పినా ఫర్వాలేదు, కానీ అన్ని కేకులకీ ఒకే దిక్కు ఉంటే పళ్లెంలో పెట్టినప్పుడు బాగుంటుంది.

సుడి ఒక పక్కకి ఒరుగుతోందంటే బ్యాగ్ వాలిపోతోంది, లేదా రెండో చుట్టు మధ్యలో పడలేదు. కూర్చుని వేసేవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుంది, నిలబడి పై నుంచి చూస్తూ వేయండి. మధ్యలో బొక్క కనిపిస్తే ముందు కేకు నడుమ ఒక చిన్న చుక్క వేసి, దాని చుట్టూ సుడి మొదలుపెట్టండి, పై చుట్లకి ఆధారం దొరుకుతుంది. గీతల అంచులు మొద్దుబారి మెరుస్తుంటే చేతి వేడికి క్రీమ్ కరుగుతోంది, బ్యాగ్‌ని అలాగే ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. చేతులు సహజంగా వెచ్చగా ఉండేవాళ్లు రెండు బ్యాగులు నింపుకుని ఒకటి వాడుతూ ఒకటి చల్లబెట్టుకోవడం ఉత్తమం.

బాగా రాని సుడిని తీసేయడానికి సిగ్గుపడొద్దు. స్పాచులాతో ఒక్కసారిగా ఎత్తేస్తే కేకు పొడి అంటకుండా వచ్చేస్తుంది. పొడి అంటిన క్రీమ్‌ని మాత్రం పక్కన పెట్టేయండి, గిన్నెలో కలిపితే ఆ పలుకులు మొత్తం క్రీమ్‌లో కనిపిస్తాయి.

ఇదే నాజిల్‌తో గులాబీ. సుడికి పూర్తిగా తిరగేసిన పని ఇది, మధ్యలో మొదలుపెట్టి బయటికి చుట్టాలి, ఎత్తు పెరగకూడదు, చివర నొక్కడం తగ్గిస్తూ చుట్టు పక్కకి ఆనించి వదిలేయాలి. నాకైతే సుడి కన్నా ఇదే ఇష్టం, క్రీమ్ తక్కువ పడుతుంది, తినేవాళ్ల ముక్కుకి అంటుకోదు, కేకు రుచి కూడా తెలుస్తుంది. ఇక మొత్తం పైభాగాన్ని నక్షత్రాలతో నింపేస్తే మూడో రకం, అది మీరు కాగితం మీద చేసిందే.

రంగు, చల్లే గింజలు

రంగు విషయంలో ఒక్కటే పట్టుదల, నీళ్లలాంటి రంగు వద్దు, జెల్ రంగు వాడండి. నీటి రంగు చిక్కగా రావాలంటే చాలా పోయాలి, పదును పోతుంది. టూత్‌పిక్ కొనతో కొంచెం తీసుకుని కలపండి, అనుకున్నదానికన్నా ఒక మెట్టు లేతగా ఉన్నప్పుడే ఆపండి, గంట రెండు గంటలు గడిచేసరికి బటర్‌క్రీమ్‌లో రంగు ముదురుతుంది. ఎరుపు, నలుపు కావాలంటే ముందు రోజే కలిపి పెట్టుకోవాలి.

స్ప్రింకుల్స్ చల్లాలంటే సుడి వేసిన వెంటనే చల్లండి. ఐసింగ్ షుగర్ ఎక్కువగా ఉన్న ఈ క్రీమ్ గాలి తగలగానే పైన సన్నటి పొర కడుతుంది, ఆ తర్వాత చల్లినవన్నీ బల్ల మీదే ఉంటాయి. అందుకని పన్నెండూ వేసి చివర్లో చల్లుదామనుకోవద్దు, మూడు నాలుగు వేయగానే ఆగి చల్లేయండి.

మిగిలిన క్రీమ్ మూత గట్టిగా పెట్టిన డబ్బాలో ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంటుంది. వాడే ముందు బయట పెట్టి, మెత్తబడ్డాక మళ్లీ బీట్ చేయాలి, చల్లగా ఉన్నప్పుడే బీట్ చేస్తే విరిగినట్టు పలుకులుగా కనిపిస్తుంది. అలా కనిపించినా పారేయకండి, గది వేడికి వచ్చేదాకా తిప్పుతూ ఉంటే కలిసిపోతుంది.

వచ్చే పాఠానికి ఇంటిపని: ఒక కాగితం నిండా నక్షత్రాలు, ఒక కాగితం గీతలు, తర్వాత ఆరు సుడులు, ఆరు గులాబీలు. గులాబీలు ముందు కుదిరితే కంగారుపడకండి, చాలామందికి అలాగే వస్తుంది. 4వ పాఠంలో ఒకే బ్యాగ్‌లో రెండు రంగులు, ఆకులు, రేకుల పువ్వులు చేద్దాం. దానికి ఒక ఆకు నాజిల్, ఒక రేకు నాజిల్, కాస్త క్లింగ్ ఫిల్మ్ సిద్ధంగా ఉంచుకోండి.