జాజ్ వాద్యకారుడితో కలిసి హిప్‌హాప్ బీట్ చేయడం ఎలా?

మాటల్లేని హిప్‌హాప్ బీట్లు కట్టేవాళ్లకు జాజ్ కొత్తేమీ కాదు. అమెరికన్ బీట్‌మేకర్ మాడ్‌లిబ్ 2003లో బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత రికార్డులను కోసి, కలిపి 'షేడ్స్ ఆఫ్ బ్లూ' అని ఏకంగా ఓ ఆల్బమే చేశాడు. అయితే రికార్డు మనకు ఎదురు చెప్పదు. శాక్సఫోన్ పట్టుకున్న మనిషి చెప్తాడు. మజా అంతా అక్కడే, తంటా కూడా.

1. ముందు బీట్‌లో సగం తీసేయండి

మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. డ్రమ్స్, బేస్, ఎలక్ట్రిక్ పియానో, పైన వయొలిన్లు... అన్నీ దట్టించి ప్లే నొక్కాను. శాక్స్ ఆయన రెండుసార్లు విని, వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని, "బాగుంది గానీ, ఇందులో నేనెక్కడ దూరాలండీ?" అన్నారు. డ్రమ్స్, బేస్, రెండు మూడు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) చాలు. మిగతావి ఆయన వాయించాక చూసుకోవచ్చు.

2. టెంపో (వేగం), కీ (పాట శ్రుతి), కార్డ్స్ ఒక కాగితం మీద రాసివ్వండి

మీరు సి మైనర్ అంటే ఆల్టో శాక్స్ వాళ్లు ఎ మైనర్‌లో, టెనర్ శాక్స్, ట్రంపెట్ వాళ్లు డి మైనర్‌లో వాయించాలి. ఆ వాద్యాల తయారీయే అంత. కాబట్టి మీరు రాసింది పియానో కీ అని స్పష్టంగా చెప్పండి.

3. క్లిక్ బదులు హై-హ్యాట్ వినిపించండి

క్లిక్ అంటే వేగం తప్పకుండా చెవిలో వినిపించే టిక్కుటిక్కు, హై-హ్యాట్ అంటే డ్రమ్స్‌లోని జంట తాళాలు. మీ బీట్‌లో స్వింగ్ (జంట స్వరాల్లో మొదటిదాన్ని సాగదీసే తూగు) 58 శాతం ఉండి, ఆయన చెవిలో మాత్రం తిన్నగా టిక్కుటిక్కుమంటే ఇద్దరూ రెండు దారులు పడతారు. హిప్‌హాప్ బీట్‌మేకర్ జె డిల్లా డ్రమ్స్‌ను గ్రిడ్‌కు (సమానంగా విభజించిన కాలపు గీతలకు) కాస్త అటూ ఇటూ వదిలేసేవాడు. తర్వాత జాజ్ డ్రమ్మర్లే ఆ తూగును చేతులతో వాయించడం సాధన చేశారు.

4. రికార్డింగ్ ఆపకండి

షికాగో డ్రమ్మర్ మకాయా మెక్రేవన్ తన బృందం అప్పటికప్పుడు వాయించిన దాదాపు 48 గంటల సంగీతాన్ని రికార్డు చేసి, అందులోంచి ఏరి, కోసి 2015లో 'ఇన్ ది మొమెంట్' తెచ్చాడు. మనకు అంత అక్కర్లేదు, పావుగంట చాలు. "ఇందాకటిలాగే ఇంకోసారి" అని మాత్రం అడగొద్దు. జాజ్ మనిషికి అంతకంటే చిరాకు ఇంకోటి ఉండదు.

5. కోసేటప్పుడు ఊపిరిని కోయకండి

90 బీపీఎంలో (నిమిషానికి 90 బీట్లు) నాలుగు బార్లంటే, బార్‌కు నాలుగు బీట్ల చొప్పున, 10.67 సెకన్లు. లెక్క ప్రకారం అక్కడే కత్తెర పెడితే స్వరానికి ముందు ఆయన పీల్చిన గాలి, వేళ్ల కింద మీటల టకటక పోతాయి. ఓ అర బీటు ముందునుంచి తీసుకోండి. ఆ చప్పుడే గదిలో మనిషున్నాడని చెప్తుంది.

6. కోసింది ఆయనకు వినిపించండి

1991లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ పోయాక, ఆయన వదిలివెళ్లిన ట్రంపెట్ ముక్కల చుట్టూ హిప్‌హాప్ బీట్‌మేకర్ ఈజీ మో బీ బీట్లు కట్టి 'డూ-బాప్' ఆల్బమ్ పూర్తి చేశాడు. అడుగుదామంటే ఆయన లేడు. మీకా ఇబ్బంది లేదు, వాట్సాప్‌లో పంపితే సరి.

ఇక డబ్బు సంగతి. చివర్లో రాశాను గానీ, మాట్లాడాల్సింది మొదటి రోజే. గంటకింత అని ఇస్తున్నారా, వాటా ఇస్తున్నారా? ఆయన అప్పటికప్పుడు అల్లిన మెలొడీయే ట్రాక్‌కు ప్రాణమైతే రచనలో కూడా పేరు, శాతం రాయాలి. కాగితం మీద, ఇద్దరి సంతకాలతో.