ట్రాక్ కారుకి ఇంట్లోనే కార్బన్ ఫైబర్ బానెట్: మౌల్డ్ దగ్గర్నుంచి పిన్నులు బిగించేదాకా

కార్బన్ బానెట్ అనగానే అందరి కళ్లూ ఆ నల్లటి గుడ్డ మీదే ఉంటాయి. గుడ్డ కొనడానికి నెలల తరబడి డబ్బులు కూడబెడతారు, మౌల్డ్ (అచ్చు) మాత్రం ఒక్క ఆదివారంలో లాగించేద్దామనుకుంటారు. జరగాల్సింది దానికి తలకిందులు. పనిలో ముప్పాతిక వంతు మౌల్డే, కార్బన్ పరిచేది చివర్లో ఒక్క రోజు. మౌల్డ్‌లో సన్నటి గీత ఉన్నా అది ప్యానెల్ మీద అచ్చుగుద్దినట్టు దిగుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన గుడ్డ వాడినా దాచలేరు.

నేను పాత స్విఫ్ట్ బానెట్‌ని ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను. హైదరాబాద్‌లో షెడ్డులో తయారుచేసి, ట్రైలర్ మీద చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లే కారనుకోండి. రోడ్డు మీద తిరిగే కారైతే మోటారు వాహనాల చట్టంలో వాహనం మార్పుల గురించిన సెక్షన్ 52, ఇన్సూరెన్స్ లాంటి గొడవలు వేరే ఉంటాయి, వాటి జోలికి పోను. మొదటి ప్యానెల్‌గా బానెటే ఎందుకంటే, అది వెడల్పుగా, పెద్దగా వంపులు లేకుండా ఉంటుంది, మౌల్డ్‌లోంచి తేలిగ్గా ఊడొస్తుంది. పైగా బరువు తగ్గేది కారు ముందు భాగంలో, అదీ ఎత్తులో. డోర్ల జోలికి వెళ్లకండి. కంపెనీ డోర్ లోపల సైడ్ ఇంపాక్ట్ బీమ్ ఉంటుంది, రోల్ కేజ్‌కి (కారు లోపలి పైపుల రక్షణ చట్రానికి) డోర్ బార్లు లేకుండా దాన్ని తీసేసి కార్బన్ తొడుగు పెట్టడమంటే ప్రాణాలతో చెలగాటమే. సీట్లు, సస్పెన్షన్ భాగాలు ఇంట్లో చేసే ఆలోచనే వద్దు.

ముందు బరువు లెక్క చూద్దాం. 0.7 మి.మీ. ఉక్కు రేకు చదరపు మీటరుకి దాదాపు ఐదున్నర కిలోలు తూగుతుంది, బానెట్‌కి పై రేకు కాక కింద ఫ్రేమ్ కూడా ఉంటుంది. అదే 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) కార్బన్ గుడ్డ పైన రెండు పొరలు, కింద రెండు పొరలు, మధ్యలో 5 మి.మీ. పీవీసీ ఫోమ్ పెడితే రెసిన్‌తో (గుడ్డని తడిపి గట్టిపరిచే ద్రవంతో) కలిపి చదరపు మీటరుకి రెండు కిలోల చుట్టూ వస్తుంది. మధ్యలో ఆ ఫోమ్ ఎందుకంటే, రేకు ఎంత బిగువుగా నిలుస్తుందనేది మందం మీద ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. ఒట్టి కార్బన్ రెండు పొరలు కలిపి అర మిల్లీమీటరు కూడా ఉండవు, బానెట్ సైజులో అది గాలికి తపతపా కొట్టుకుంటుంది.

ఇక మౌల్డ్. కారుకున్న అసలు బానెట్ మీదే గ్లాస్ ఫైబర్ పొరలు పేర్చి ఈ అచ్చు తీస్తాం. బానెట్ పై రంగు కంపెనీదైతే మంచిది. టింకరింగ్ షెడ్డులో వేసిన రంగు కింద పుట్టీ ఉంటే మౌల్డ్‌తో పాటు ఊడొచ్చే ప్రమాదం ఉంది, ముందు కింద కనపడని మూలలో అరచేయంత చోట రెసిన్ వేసి చూడండి. సొట్టలుంటే ఇప్పుడే సరిచేసి, 2000 వాటర్ పేపర్ కొట్టి, రబ్బింగ్ కాంపౌండ్‌తో అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేయాలి. చుట్టూ నాలుగంగుళాల ఫ్లాంజ్, అంటే చదునైన అంచు పట్టీ, కావాలి, తర్వాత వ్యాక్యూమ్ బ్యాగ్ అంటించేది దాని మీదే. దీనికి ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీట్ చాలు, పాలియెస్టర్ రెసిన్ దానికి అంటుకోదు. కింద నుంచి టేపు వేసి, షీటుకీ బానెట్ అంచుకీ మధ్య సందుని పిల్లలు ఆడుకునే క్లేతో నింపి, అంచు వెంబడి శుభ్రంగా గీకేయండి. ఆ సందు దగ్గర ఓపిక పట్టినవాళ్లకి ట్రిమ్మింగ్ రోజున సగం పని తప్పుతుంది.

తర్వాత మౌల్డ్ రిలీజ్ వ్యాక్స్. కార్ పాలిష్ వ్యాక్స్ వద్దు, అందులో సిలికాన్ ఉండొచ్చు. ఒక పూత, ఆరాక తుడవడం, గంట విరామం, మళ్లీ పూత, ఇలా ఐదారు సార్లు. దాని మీద పలచగా, నీళ్లలో కరిగే పీవీఏ ద్రావణం కొడితే ప్లాస్టిక్ పొరలా ఆరుతుంది. మౌల్డ్ అంటుకుపోతే బానెటూ పోతుంది, మౌల్డూ పోతుంది, కాబట్టి ఇక్కడ కక్కుర్తి పనికిరాదు.

టూలింగ్ జెల్‌కోట్, అంటే మౌల్డ్ పైముఖం అయ్యే చిక్కటి రెసిన్, రెండు చేతులు వేయాలి, మొత్తం మందం 0.8 మి.మీ. దాకా రావాలి. వేలితో తాకితే జిగటగా ఉండి, వేలికి మాత్రం అంటకుండా ఉన్నప్పుడు తర్వాతి పొర వేసే సమయం వచ్చినట్టు. దాని మీద మొదట 300 జీఎస్‌ఎం గ్లాస్ మ్యాట్ ఒక్కటే వేసి మూలల్లో గాలి బుడగ లేకుండా రోలర్‌తో నొక్కండి. బుడగ మిగిలిందంటే పాలిష్ చేసేటప్పుడు అక్కడ జెల్‌కోట్ పెంకులా లేచిపోతుంది. ఆ తర్వాత 450 మ్యాట్ నాలుగైదు పొరలు, అన్నీ ఒకేసారి కాకుండా రెండు మూడు రోజుల్లో. ఒకేసారి వేస్తే వేడెక్కి, కుంచించుకుపోయి మౌల్డ్ మెలిక తిరుగుతుంది. అంతా గట్టిపడ్డాక వెనక ప్లైవుడ్ పట్టీలు గానీ పైపులు గానీ గ్లాస్‌తో అతికించి, కనీసం వారం రోజులు బానెట్ మీదే వదిలేయండి.

ఇక్కడ ఒక్క విషయం మర్చిపోవద్దు. ఎఫ్‌ఆర్‌పీ (గ్లాస్ ఫైబర్ సామాను) షాపులో పాలియెస్టర్ రెసిన్‌తో పాటు రెండు చిన్న సీసాలిస్తారు, ఊదా రంగులో ఉండేది కోబాల్ట్, నీళ్లలా ఉండేది క్యాటలిస్ట్, అంటే ఎంఈకేపీ. ఈ రెండూ నేరుగా ఒకదాంతో ఒకటి కలవకూడదు. కలిస్తే మంట లేస్తుంది, పేలనూ వచ్చు. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి. రెండింటికీ ఒకే చెంచా, ఒకే సిరంజి వాడొద్దు, సీసాలు ఒకే డబ్బాలో పెట్టొద్దు. రెసిన్‌లో కోబాల్ట్ ముందే కలిపి ఉందేమో కూడా షాపులో అడగండి. ఎంఈకేపీ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి.

మౌల్డ్ ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ కాదు, ప్లాస్టిక్ వెడ్జ్‌లు వాడండి. అంచు కాస్త విడిచాక నీళ్లు పోస్తే పీవీఏ కరిగి మిగతాది దానంతటదే వదులుతుంది. మౌల్డ్ లోపలి వైపు 800 నుంచి 2000 దాకా వాటర్ పేపర్, మళ్లీ పాలిష్, మళ్లీ వ్యాక్స్.

మొదటి ప్యానెల్ కార్బన్‌తో చేయకండి. అదే మౌల్డ్‌లో గ్లాస్ క్లాత్‌తో ఒకటి తీసి కారు మీద పెట్టి చూడండి, ఫెండర్ల దగ్గర గ్యాప్ ఎలా ఉంది, ముందు అంచు కూర్చుంటోందా అని. నిజం చెప్పాలంటే చాలామందికి ఆ గ్లాస్ బానెట్టే సరిపోతుంది, ఖర్చు కార్బన్‌లో చిన్న వంతు, బరువులో తేడా కిలో అటూ ఇటూ. అయినా కార్బనే కావాలంటే ముందుకెళ్దాం.

ఇక్కడ పద్ధతి ఇది: పొడి గుడ్డ పరిచి, బ్యాగ్‌తో కప్పి, పంపుతో గాలి లాగేస్తే ఆ లాగుడికి రెసిన్ లోపలికి పారుతుంది, దీన్నే ఇన్‌ఫ్యూజన్ అంటారు. కార్బన్‌కి ఎపాక్సీయే వాడండి, పాలియెస్టర్ దానికి సరిగ్గా పట్టదు. మన దగ్గర తేలిగ్గా దొరికేది ఎల్‌వై 556 రెసిన్, హెచ్‌వై 951 హార్డెనర్ జోడీ. చేత్తో పూసే పనికి బాగానే ఉంటుంది గానీ చిక్కన, తేనెలా సాగుతుంది, వ్యాక్యూమ్‌తో లాగాలంటే కదలదు. ఇన్‌ఫ్యూజన్ గ్రేడ్ ఎపాక్సీ అని అడిగి పలచటిది తీసుకోండి. హార్డెనర్ కొలత డేటాషీట్‌లో ఉన్నట్టే, డిజిటల్ త్రాసు మీద గ్రాముల్లో. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎపాక్సీలో పని జరగదు సరికదా, ప్యానెల్ ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. పాలియెస్టర్ అలవాటున్న మేస్త్రీలు ఈ ఒక్క చోట బోల్తా పడతారు.

గుడ్డ 3కె ట్విల్ (ఒక్కో పోగులో మూడు వేల తంతువులుండే ఏటవాలు నేత) తీసుకోండి, ప్లెయిన్ నేత కన్నా వంపుల్లో బాగా ఒదుగుతుంది. కత్తిరించే గీత మీద ముందే మాస్కింగ్ టేపు వేసి టేపు మధ్యలోంచి కత్తిరిస్తే పోగులు ఊడవు. పైకి కనిపించే మొదటి పొరని పరిచేటప్పుడు నేత గీతలు బానెట్ మధ్య గీతకి సూటిగా ఉన్నాయో లేదో దూరం నుంచి చూసుకోండి, దగ్గర్నుంచి తెలీదు. హింజ్‌లు, పిన్నులు వచ్చే చోట ఫోమ్ కోసేసి అదే మందం ప్లైవుడ్ ముక్కలు పెట్టాలి. ఇది ఇప్పుడు మర్చిపోతే తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, బోల్టు బిగిస్తే ఫోమ్ నలిగిపోతుంది.

పొరల మీద పీల్ ప్లై (తర్వాత ఒలిచేసే గుడ్డ), దాని మీద రెసిన్ పారడానికి ప్లాస్టిక్ మెష్. ఒక అంచు వెంబడి రెసిన్ వచ్చే స్పైరల్ ట్యూబ్, ఎదుటి అంచున పంపుకి వెళ్లే ట్యూబ్. మెష్‌ని ఎదుటి అంచుకి నాలుగైదు సెంటీమీటర్ల ముందే ఆపేయండి. అక్కడ రెసిన్ వేగం తగ్గి, కింది పొరలు పూర్తిగా తడిసాకే ట్యూబ్‌లోకి వెళ్తుంది. ఫోమ్‌కి రంధ్రాలున్న రకం కావాలి, లేకపోతే దాని కింది పొరలకి రెసిన్ అందదు, ఆ కింది పొరలే బయటికి కనిపించేవి. బ్యాగ్ ఫిల్మ్‌ని మౌల్డ్ కన్నా బాగా పెద్దగా కోసి, సీలెంట్ టేపు మీద అక్కడక్కడా కుచ్చిళ్లు పెట్టి అంటించండి, బిగుతుగా ఉంటే మూలల్లో బ్యాగ్ ఆనదు, అక్కడంతా రెసిన్ గుంట కడుతుంది.

పంపు ఏసీ మెకానిక్‌లు వాడే టూ స్టేజ్ వ్యాక్యూమ్ పంపు చాలు, మధ్యలో రెసిన్ ట్రాప్ (పొంగి వచ్చిన రెసిన్‌ని పట్టే డబ్బా) పెట్టండి, లేకపోతే రెసిన్ పంపులోకి వెళ్లిందంటే ఇక పంపు అంతే సంగతులు. గేజ్ చూసి టెన్షన్ పడొద్దు. హైదరాబాద్ సముద్ర మట్టానికి అర కిలోమీటరు పైనే ఉంది కాబట్టి ఇక్కడ ఎంత మంచి పంపైనా 710 మి.మీ. (పాదరసం లెక్కన) దగ్గరే ఆగుతుంది, చెన్నైలో 760 దగ్గరికి వెళ్తుంది. అయినా చదరపు మీటరుకి పది టన్నులకి కాస్త తక్కువ ఒత్తిడి పడుతోందన్నమాట. మౌల్డ్ విరుగుతుందేమో అనుకోకండి, కింద నుంచీ గాలి అంతే నెడుతుంది. అసలు చూడాల్సింది లీకు. పంపు గొట్టం క్లాంప్ చేసి అరగంట వదిలేయండి. ముల్లు కదిలిందంటే ఎక్కడో గాలి వస్తోంది, చెవి పెట్టి వింటూ టేపు మొత్తం నొక్కుకుంటూ రండి. ముల్లు నిలిచేదాకా రెసిన్ కలపొద్దు.

ఎండాకాలం మధ్యాహ్నాలు వద్దు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రెసిన్ గట్టిపడే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కలుపుతూ వెడల్పాటి పళ్లెంలో ఉంచండి, లోతైన మగ్గులో కిలో రెసిన్ కలిపి పెడితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది. వానాకాలంలో అయితే తేమకి ఎపాక్సీ పైన జిడ్డు పొర కడుతుంది, ముందు సబ్బు నీళ్లతో కడిగాకే పేపర్ కొట్టాలి. రెసిన్ ఎదుటి అంచుకి చేరగానే ముందు రెసిన్ వచ్చే గొట్టం మూయండి, గిన్నెలో అయిపోయేదాకా ఆగితే గాలి లోపలికి పోతుంది. పంపు మాత్రం గట్టిపడేదాకా నడవాలి, కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే చూసుకోండి.

మామూలు వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మళ్లీ మెత్తబడుతుంది. మే నెల ఎండలో నల్లటి బానెట్, కింద ఇంజన్, ఆ వేడిని సులువుగా దాటేస్తుంది. అందుకే పోస్ట్ క్యూర్, అంటే గట్టిపడ్డాక మళ్లీ నిదానంగా వేడి చేయడం, తప్పదు. గ్లాస్ వూల్ వేసిన జీఐ రేకు పెట్టె, హీటర్, ఫ్యాన్, థర్మోస్టాట్ చాలు, ప్యానెల్‌ని మౌల్డ్‌లోనే ఉంచి గంటకి పది డిగ్రీల చొప్పున డేటాషీట్ చెప్పిన వేడి దాకా తీసుకెళ్లండి. మీ పాలియెస్టర్ మౌల్డ్ ఎంత వేడి తట్టుకుంటుందో కూడా చూసుకోండి.

కోతప్పుడు హాఫ్ మాస్క్, నైట్రైల్ గ్లోవ్స్, పొడవు చేతుల చొక్కా ఉండాల్సిందే. కార్బన్ పొడి కరెంటుని మోసుకెళ్తుంది, స్విచ్ బోర్డులో, గ్రైండర్ మోటారులో చేరితే షార్ట్ అవుతుంది, అందుకే తడిపి కోయడం, రుద్దడం మేలు. ఎపాక్సీ చర్మానికి పడక ఒకసారి అలర్జీ మొదలైతే జన్మలో పోదు, చేతులు ఎసిటోన్‌తో కడగొద్దు, సబ్బు చాలు. ఎండకి ఎపాక్సీ పసుపెక్కకుండా పైన యూవీ తట్టుకునే టూకే (హార్డెనర్ కలిపే రెండు భాగాల) క్లియర్ కోట్ కావాలి, దాన్ని పెయింట్ బూత్ ఉన్నవాళ్ల చేతే కొట్టించండి, ఆ పొగ షెడ్డులో పీల్చేది కాదు.

బిగించేటప్పుడు కంపెనీ లాక్‌ని నమ్ముకోవద్దు, నాలుగు బానెట్ పిన్నులు పెట్టండి. స్పీడులో బానెట్ లేచి అద్దం మీద పడితే డ్రైవర్‌కి రోడ్డే కనపడదు. కార్బన్, ఉక్కు నేరుగా తాకే చోట తుప్పు త్వరగా పడుతుంది, మధ్యలో గ్లాస్ పొర ఒకటి వేసి స్టెయిన్‌లెస్ బోల్టులు, పెద్ద వాషర్లు వాడండి. మొదటి రెండు మూడు ల్యాప్‌లు నిదానంగా తిరిగి పిట్‌కి వచ్చి, పిన్ను రంధ్రాల చుట్టూ రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోండి. ఠంగుమని మోగితే సరే, ఎక్కడైనా బొదబొదమని మొద్దుగా పలికిందంటే అక్కడ పొర విడిపోయినట్టు, ఆ రోజుకి పాత ఇనప బానెట్ ఎక్కించేయండి.