టైమ్ కార్డులో గంటలు తగ్గించారా? లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఇలా

మీరు ఆరింటికి బయటపడితే కార్డులో అయిదున్నర అని ఉంటుంది. రోజుకు అరగంటేగా అని చాలామంది ఊరుకుంటారు. ఊరుకోవద్దు. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, జీతం 15,600 అనుకోండి. గంటకు 75 రూపాయలు. వారానికి 48 గంటలు దాటిన పనికి ఓటీ (ఓవర్‌టైమ్) కింద రెట్టింపు ఇవ్వాలి. రోజూ పోయే అరగంట నెలకు 13 గంటలు, అంటే 1,950 రూపాయలు. ఒక ఇంట్లో నెలకు సరిపడా పాలు, కూరగాయల డబ్బు అది.

ముందు ఆధారాలు

దరఖాస్తు నిలబడేది వీటి మీదే, కాబట్టి ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టండి. వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ ఏ రోజుకారోజు నోట్‌బుక్‌లో రాసుకోండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసినదాన్ని ఎవరూ అంతగా నమ్మరు. పంచింగ్ వివరాలు మీ ఫోన్‌లో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీయండి. "ఇంకాసేపు ఉండు" అని సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్ చెరిపేయకండి. జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేయండి. స్లిప్ ఇవ్వడం యజమాని బాధ్యత. ఇవ్వకపోతే ఆ మాట కూడా ఫిర్యాదులో రాయండి.

హెచ్‌ఆర్‌కు ఒకసారి మెయిల్ పెట్టడం మంచిది. నోటిమాటగా అడిగితే రేపు సాక్ష్యం ఉండదు.

ఎక్కడ ఇవ్వాలి?

మీరు పనిచేసే ప్రాంతపు లేబర్ ఆఫీసులో. అది ఏదో తెలియకపోతే హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడగండి. బ్యాంకులు, రైల్వే లాంటివైతే కేంద్ర లేబర్ కమిషనర్ పరిధిలోకి వస్తాయి.

ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు. మీ పేరు, హోదా, చేరిన తేదీ, కంపెనీ చిరునామా, ఏ నెలలో ఎన్ని గంటలు తగ్గించారు, మొత్తం ఎంత రావాలి అన్నవి ఉండాలి. "చాలా అన్యాయం చేశారు" అన్న వాక్యం కంటే నెలవారీ పట్టిక ఎక్కువ పనిచేస్తుంది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ లాంటి కాంట్రాక్టు పనివాళ్లు కాంట్రాక్టర్ పేరుతో పాటు అసలు కంపెనీ పేరు కూడా తప్పకుండా రాయాలి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే జీతం బాధ్యత కంపెనీదే. రెండో కాపీ మీద స్టాంప్ వేయించుకోకుండా బయటికి రావద్దు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ (జీతాలపై కేంద్ర చట్టం) ప్రకారం క్లెయిమ్‌కు మూడేళ్ల గడువు ఉంది. ఉద్యోగం మానేసినవాళ్లూ పాత బకాయి అడగొచ్చు.

ఒంటరిగా వెళ్లాలంటే టెన్షన్ ఉంటుంది, అది సహజం. నష్టపోయినవాళ్లంతా కలిసి ఒకే దరఖాస్తు ఇవ్వొచ్చు. మీరు సభ్యులైన రిజిస్టర్డ్ యూనియన్ కూడా మీ తరఫున వేయొచ్చు. ఉచిత న్యాయ సహాయానికి నంబర్ 15100.

విచారణలో జీతం పూర్తిగా ఇచ్చామని నిరూపించాల్సింది యజమానే. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం అధికారికి ఉంది. ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు.