పంచరైన కారును ఎక్కడ ఆపాలి, టైరు ఎట్ల మార్చాలి: ఓరుగల్లు దిక్కు రోడ్ల మీద సమస్యలు, పరిష్కారాలు

హన్మకొండ నుంచి ఇటు జనగామ, అటు హుజూరాబాద్ మీదుగా కరీంనగర్, ఇంకోపక్క ములుగు దాటి ఏటూరునాగారం దాకా పదకొండేళ్లుగా కారు నడుపుతున్నాను. ఈ రోడ్ల మీద నాకైన పంచర్లన్నీ అరగంటలో తేలిపోయిన పనులే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి పస్రా దాటి తాడ్వాయి పోయే అడవి దారిలో, చీకటి పడ్డాక అయింది. టైరు మార్చడం నాకు బాగా వచ్చు. కానీ కారును సరిగ్గా మలుపులో ఆపాను. అమ్మ, పిల్లలు లోపలే కూర్చున్నారు. మలుపు తిరిగి వచ్చిన ఇసుక లారీ మా కారుకు మూరెడు దూరంలోంచి పోయింది. ఆ డ్రైవరన్న లారీని ముందర ఆపి, వెనక్కి నడిచొచ్చాడు. "తమ్మీ, టైరుదేమున్నది, కొత్తది దొరుకుతది. ముందుగాల పిల్లల్ని దింపు, బండిని మలుపు దాటియ్యి" అన్నాడు. తిట్టలేదు. టైరు మార్చేదాకా టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

అప్పటి నుంచి ఎవరికి కారు నేర్పినా జాకీ కంటే ముందు ఆపే చోటు గురించే చెబుతున్నాను.

లక్షణం: స్టీరింగు ఒక పక్కకు గుంజుతోంది, కింద టపటప చప్పుడు

ఏదో ఒక టైరులో గాలి బాగా దిగింది. ముందు టైరైతే స్టీరింగు ఆ పక్కకే లాగుతుంది. వెనుక టైరైతే స్టీరింగులో అంతగా తెలియదు, కారు వెనుక భాగం అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి ఒక్కసారి పోదు, మేకే రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. అందుకే మేకు మడికొండలో దిగితే సంగతి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర బయటపడొచ్చు.

యాక్సిలరేటర్ మీద కాలు తీసి, హజార్డ్ లైట్లు వేసి, వెనుక బండ్లు చూసుకుంటూ ఎడమకు రండి. ఆగే చోటు బాగోలేకపోతే పది, పదిహేను కిలోమీటర్ల వేగంతో ఇంకొంచెం ముందుకు పోవచ్చు. గాలి లేకుండా అలా నడిపితే టైరు పాడవుతుంది, ఒక్కోసారి రిమ్ము కూడా వంగుతుంది. పాడవనివ్వండి. మనుషులు నిలబడడానికి చోటు లేని దగ్గర ఆగడం కంటే అదే నయం.

డాష్‌బోర్డు మీద టైరు గాలి గుర్తు మాత్రమే వెలిగి, కారు మామూలుగానే నడుస్తుంటే కంగారు వద్దు. తర్వాతి పెట్రోలు బంకులో నాలుగు టైర్లూ చూసుకుంటే చాలు. డిసెంబరు పొద్దున చలికి కూడా గాలి ఒత్తిడి తగ్గి ఆ గుర్తు వెలుగుతుంది.

లక్షణం: ధన్‌మని పేలింది, కారు అదుపు తప్పుతోంది

కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. పోనివ్వకండి. బ్రేకు కొడితే బరువంతా ముందుకు పడుతుంది, పేలిన టైరుకు పట్టు ఉండదు, కారు గిర్రున తిరుగుతుంది. రెండు చేతులతో స్టీరింగును గట్టిగా, నేరుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. పేలిన టైరే బండిని నెమ్మదింపజేస్తుంది. వేగం ముప్పైకి వచ్చాక బ్రేకును మెత్తగా తాకి పక్కకు తీసుకోండి.

పేలడానికి అసలు కారణం చాలాసార్లు మేకు కాదు, గాలి తక్కువ ఉండడం. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా మడతపడి లేస్తుంది, లోపల వేడి పుడుతుంది. దానికి మే నెల ఎండ తోడవుతుంది. రామగుండం, మంచిర్యాల దిక్కు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, రాజీవ్ రహదారి మీద నూరు వేగం అయితే టైరు ఎంతసేపు ఓర్చుకుంటుంది? ఎండాకాలం పేలుతుందని గాలి తగ్గించి కొట్టించేవాళ్లున్నారు. అది పూర్తిగా తప్పు, పేలడానికి దారి చూపడమే. డ్రైవరు డోరు తెరిస్తే పక్క పట్టీ మీద ఎంత గాలి కొట్టాలో రాసి ఉంటుంది. చాలా చిన్న కార్లకు అది 30 నుంచి 35 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిన అంకె నిజమైన అంకె.

టైరు వయసు కూడా చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అయిదారేళ్లు దాటి, పక్కల సన్న పగుళ్లు కనబడితే మార్చేయండి. అరుగుదల మిగిలే ఉన్నా సరే, ఎండకు మాడిన రబ్బరును నమ్మలేం. అరుగుదలకు కూడా హద్దుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు చట్టప్రకారం రోడ్డు మీద ఉండకూడదు.

లక్షణం: ఆగాలి, కానీ సరైన చోటు లేదు

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. మలుపు, కల్వర్టు, వంతెన, ఎత్తు దిగే చోటు, ఈ నాలుగింటి దగ్గరా ఆగొద్దు. నాలుగు లేన్ల రోడ్డు మీద డివైడరు పక్కన అసలే ఆగొద్దు. మెల్లగా నడిపించైనా ఎడమ అంచుకు రావాలి. పెట్రోలు బంకు, దాబా, ఊరి బస్టాపు, పక్క ఊరికి తిరిగే దారి, ఏది దగ్గరైతే అది. మన దగ్గర అయిదారు కిలోమీటర్లకు ఒక ఊరు తగులుతుంది. పస్రా, తాడ్వాయి అడవి లాంటివే మినహాయింపు. అక్కడైతే ముందూ వెనుకా రోడ్డు దూరం వరకు నేరుగా కనబడే చోటు చూసుకోండి.

కుడి పక్క టైరు పోయిందా? ఇంకా జాగ్రత్త పడాలి. దాన్ని మార్చాలంటే పరుగెత్తే బండ్ల వైపు కూర్చోవాలి. అందుకని కారును రోడ్డు దించి ఇంకా రెండు మూడు గజాలు లోపలికి తీసుకోండి. అంత జాగా లేకపోతే అక్కడ టైరు మార్చొద్దు. జాతీయ రహదారి మీద, అంటే హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా పోయే 163 మీద గానీ, జగిత్యాల, కరీంనగర్, వరంగల్, ఖమ్మం కలిపే 563 మీద గానీ ఉంటే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి ఫోన్ చేయండి. రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి, అక్కడ ప్రమాదకరంగా చిక్కుకుంటే 112కు చేయాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108.

కారు ఆగగానే అందరూ ఎడమ పక్క డోర్లలోంచి దిగాలి. కారు ముందూ కాదు, వెనుకా కాదు, రోడ్డు దిగి దూరంగా నిలబడాలి. ఇనుప కంచె ఉంటే దాని అవతలికి పోవాలి. వానొస్తోందని, ఏసీ చల్లగా ఉందని పిల్లల్ని లోపల ఉంచొద్దు. వెనుక నుంచి లారీ తగిలితే ముందు నలిగేది వెనుక సీటే.

తర్వాత డిక్కీలోని ఎర్ర త్రికోణం. దాన్ని కారుకు పదడుగుల వెనుక పెట్టేస్తుంటారు, అది పెట్టినా పెట్టనట్టే. ఎనభై వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. యాభై మీటర్ల దూరంలో పెడితే వచ్చేవాడికి దొరికేది రెండు సెకన్ల పైచిలుకే. హైవే మీద నూరు పెద్ద అంగలు వెనక్కి నడిచి పెట్టండి. నడిచేటప్పుడు రోడ్డు దిగి, వచ్చే బండ్లను చూస్తూ నడవండి. మలుపు దగ్గర చిక్కుకుంటే త్రికోణం మలుపుకు ముందే కనబడాలి. పత్తి కాలంలో, నవంబరు నుంచి సంక్రాంతి దాకా, ఎనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లు రాత్రంతా తిరుగుతాయి. ఎత్తుగా నింపిన పత్తితో వాళ్లు ఒక్కసారి పక్కకు తిప్పలేరు, దూరం నుంచే మనం కనబడాలి.

త్రికోణం లేకపోతే చెట్టు కొమ్మలు, రాళ్లు పెట్టడం మన దగ్గర అలవాటు. కొమ్మలు పెట్టండి, రాళ్లు వద్దు. తప్పక పెడితే, పోయేటప్పుడు ఒక్కటీ మిగలకుండా తీసి అవతల పడేయండి. టైరు మారింది, బండి కదిలింది, రాళ్లు మాత్రం రోడ్డు మీదే ఉండిపోతాయి. రాత్రి బైకు మీద వచ్చేవాడికి అవి కనబడవు. వడ్లు ఎండబోసిన చోట్ల చుట్టూ పేర్చిన రాళ్లూ అంతే. కల్లాలు చాలక రైతు రోడ్డెక్కుతున్నాడు, ఆ కష్టం నాకు తెలుసు, మా ఇంట్లోనూ వ్యవసాయమే. వడ్లు ఎత్తిన సాయంత్రం రాళ్లు కూడా ఎత్తమని మా ఊళ్లో ప్రతి యాసంగికీ చెబుతూనే ఉన్నాను.

లక్షణం: నట్లు కదలడం లేదు

టైర్ల షాపులో గాలి మిషనుతో మితిమీరి బిగించడం ఒక కారణం, తుప్పు రెండోది. నాకు ఒకసారి కొత్త టైర్లు వేసిన షాపులో ఎంత బిగించారంటే, బండితో వచ్చిన పానా వంగింది కానీ నట్టు కదలలేదు.

ముందు ఒక మాట: నట్లను కారు నేల మీద ఉండగానే వదులు చేయాలి. జాకీ ఎక్కించాక బలం వేస్తే కారు జాకీ మీద నుంచి జారుతుంది. పానా పిడి మీకు ఎడమ వైపు అడ్డంగా ఉండేలా పెట్టి, దాన్ని కిందికి తొక్కండి. నట్టు వదులయ్యే దిక్కు అదే. చేతి బలం కంటే ఒంటి బరువు మేలు. అప్పటికీ రాకపోతే పానా పిడికి రెండడుగుల ఇనుప గొట్టం తొడిగి నొక్కండి. అలాంటి గొట్టం ముక్క నా డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. ఒక్కో నట్టును అర చుట్టు వదులు చేస్తే చాలు, పూర్తిగా తీయొద్దు.

లక్షణం: జాకీ ఒరుగుతోంది, నేలలోకి దిగబడుతోంది

రోడ్డు దిగితే చెల్క నేలో, రేగడి నేలో ఉంటుంది. వానాకాలం రేగడిలో జాకీ నిలవదు. జాకీ కింద జానెడు వెడల్పు, రెండంగుళాల మందం చెక్క వేయండి. రాయి వేయొద్దు, బరువు పడితే పగులుతుంది, లేదా జారుతుంది. చెక్క లేకపోతే గట్టి నేల దొరికేదాకా బండిని మెల్లగా జరపడమే మంచిది.

హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, పోయిన టైరుకు ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనుకా రాళ్లు పెట్టండి. జాకీని అంచు రేకు కింద ఎక్కడ పడితే అక్కడ ఆనిస్తే రేకు నలుగుతుంది. ముందు చక్రం వెనుక, వెనుక చక్రం ముందు చిన్న గాట్లు కనబడతాయి, జాకీ తల అక్కడే కూర్చోవాలి. కొంచెం ఎత్తాక స్టెప్నీని కారు కిందకు పడుకోబెట్టి తోయండి. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. పాత టైరు ఊడదీశాక దాన్ని కిందకు తోసి స్టెప్నీని ఇవతలికి తీసుకోవచ్చు. కారు కిందికి తల గానీ, చెయ్యి గానీ పెట్టొద్దు.

లక్షణం: నట్లన్నీ తీసినా చక్రం ఊడడం లేదు

రిమ్ము తుప్పుతో హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి, అంటుకుంది. జాకీ మీద ఉన్న కారును కాలితో తన్నొద్దు. నట్లను మళ్లీ రెండు మూడు చుట్లు మాత్రం వదులుగా తిప్పి, కిందున్న టైరును బయటికి లాగి, కారును మెల్లగా దించండి. బరువు పడగానే టక్‌మని వదులుతుంది.

లక్షణం: స్టెప్నీ మెత్తగా ఉంది, లేదా అసలు లేదు

డిక్కీలో ఉన్న టైరులో కూడా గాలి నెలనెలా కొంచెం తగ్గుతుంది. తాడ్వాయి రాత్రి నా స్టెప్నీలో సగం గాలే ఉంది, మెల్లగా పస్రా దాకా వెనక్కి వచ్చి కొట్టించుకున్నాను. బంకులో నాలుగు టైర్లు చూపించే రోజు అయిదోదీ చూపించండి. కొన్ని సన్న స్టెప్నీలకు 60 పీఎస్‌ఐ కావాలి, ఆ అంకె టైరు మీదే ఉంటుంది. వాటితో 80 వేగం దాటొద్దు.

2020 నుంచి నిబంధనల్లో మార్పు వచ్చింది. గాలి ఒత్తిడి చూపే ఏర్పాటు, పంచరు కిట్టు ఉంటే కారులో స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదు. మీది అలాంటి కారైతే కిట్టు వాడడం ఇంటి ముందు ఒకసారి నేర్చుకోండి. మేడారం జాతరకు బయలుదేరే ముందైతే తప్పనిసరి. మేకు కనబడగానే పీకొద్దు, కిట్టులో రంధ్రంలోకి దూర్చే రబ్బరు పురి, జిగురు చేతిలో ఉన్నప్పుడే పీకాలి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఒకటి ఉంటే సగం సమస్యలు అక్కడే తీరతాయి. గాలి కొట్టుకుంటూ ఊరు చేరొచ్చు.

లక్షణం: స్టెప్నీ వేశాక టకటక, వణుకు

నట్లు సమంగా కూర్చోలేదు. వెంటనే ఆపండి. నట్టుకు ఏటవాలుగా ఉన్న వైపు రిమ్ములోకి పోవాలి. ఒక నట్టు, తర్వాత దాని ఎదురు నట్టు, ఇలా ముందు చేత్తో తిప్పి, కారు దించాక పానాతో గట్టిగా బిగించాలి. యాభై కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి చూడండి. నట్లు ఎక్కడో గడ్డిలో పడి దొరకకపోతే మిగతా మూడు చక్రాల నుంచి ఒక్కోటి తీసి సర్దుకుని, నెమ్మదిగా షాపు చేరొచ్చు.

లక్షణం: టైరు పక్కన చీలిక, ఉబ్బు

గుంతలో పడడం, రోడ్డు అంచు నుంచి దిగి ఎక్కడం, పనులు జరిగే చోట కంకర దీనికి కారణాలు. పక్కగోడకు అతుకు లేదు, ఎవరు వేస్తామన్నా వేయించుకోవద్దు. నేలకు ఆనే భాగంలో ఆరు మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతేనే పంచరు వేయాలి. గాలి లేకుండా కొంత దూరం నడిపి ఉంటే "అన్నా, టైరు ఊడదీసి లోపల చూడరాదే" అని అడగండి. లోపల నల్లటి రబ్బరు పొడి రాలితే ఆ టైరు పని అయిపోయింది, బయటికి ఎంత బాగా కనబడినా.

లక్షణం: మూడు నాలుగు రోజులకోసారి గాలి తగ్గుతోంది

సబ్బు నీళ్లు కలిపి టైరు మీద, రిమ్ము అంచుల వెంట, వాల్వు మీద పోయండి. బుడగలు లేచిన చోటే కారుతోంది. టైరు మీదైతే మేకు, రిమ్ము అంచుకైతే వంగిన రిమ్ము లేదా తుప్పు. వాల్వు నోట్లోంచి బుడగలొస్తే లోపలి పిన్ను మార్పించాలి, చిన్న ఖర్చే. మార్చాక మూత బిగించమని గుర్తు చేయండి. చాలా షాపుల్లో గాలి కొట్టి మూత పెట్టడం మరిచిపోతారు, ఆ తెరిచిన వాల్వులోకి దుమ్ము పోయి కొత్త పిన్ను కూడా కారడం మొదలుపెడుతుంది.