దిక్సూచితో అయస్కాంత క్షేత్రాన్ని గీసి అర్థం చేసుకోవడం ఎలా?

అయస్కాంతత్వం పాఠంలో విద్యార్థులు ఎక్కువగా తడబడేది క్షేత్రం (అయస్కాంతం చుట్టూ దాని బలం పనిచేసే ప్రాంతం) దగ్గరే, ఎందుకంటే అది కంటికి కనిపించదు. సూత్రాలను కంఠస్థం చేయడానికి ముందే ఒక దండాయస్కాంతం, చిన్న దిక్సూచి, తెల్ల కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని ఆ క్షేత్రాన్ని స్వయంగా గీయండి. పాఠంలోని ముఖ్యమైన భావనల్లో చాలావరకు ఆ గీతల్లోనే దొరుకుతాయి.

ముందుగా దిక్సూచిని పరీక్షించాలి. దాని సూది కూడా ఒక చిన్న అయస్కాంతమే. స్వేచ్ఛగా తిరగగలిగినప్పుడు ఉత్తర దిక్కు వైపు నిలిచే కొనను ఉత్తర ధ్రువం అంటాం. బలమైన అయస్కాంతం పక్కన చాలాకాలం ఉంచిన దిక్సూచిలో సూది ధ్రువాలు తారుమారు కావచ్చు కాబట్టి, సూర్యోదయ దిశతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. ఇదే సూదితో దండాయస్కాంతం ధ్రువాలను గుర్తించేటప్పుడు ఆకర్షణను మాత్రమే నమ్మకూడదు. మామూలు ఇనుప ముక్క కూడా సూదిని ఆకర్షిస్తుంది, కానీ సజాతి (ఒకే రకం) ధ్రువాల మధ్య తప్ప వికర్షణ ఉండదు. అందువల్ల ఒక వస్తువు అయస్కాంతమని కచ్చితంగా చెప్పగలిగేది వికర్షణ ఒక్కటే.

ఇనుప వస్తువులు, మొబైల్ ఫోన్లు దగ్గర లేని చెక్క బల్లపై కాగితాన్ని అతికించి, దిక్సూచి సాయంతో ఉత్తర-దక్షిణ రేఖను గీయండి. ఆ రేఖపై అయస్కాంతాన్ని దాని ఉత్తర ధ్రువం ఉత్తర దిక్కును చూసేలా ఉంచి, చుట్టూ హద్దు గీయండి. దిక్సూచిని ఉత్తర ధ్రువం పక్కన పెట్టి, సూది రెండు కొనల వద్ద చుక్కలు పెట్టండి. తర్వాత సూది దక్షిణ కొన రెండో చుక్కపైకి వచ్చేలా దిక్సూచిని జరిపి, ఉత్తర కొన వద్ద మరో చుక్క పెట్టండి. ఇలా దక్షిణ ధ్రువాన్ని గానీ, కాగితం అంచును గానీ చేరేదాకా సాగి, చుక్కలను నున్నని వక్రరేఖగా కలిపి, సూది ఉత్తర కొన చూపిన దిశలో బాణం గుర్తు వేయండి. ఉత్తర ధ్రువం చుట్టూ కనీసం ఎనిమిది చోట్ల నుంచి మొదలుపెడితే పటం స్పష్టపడుతుంది. ఇనుప రజను చల్లితే క్షేత్రం ఆకారం వెంటనే కనిపిస్తుంది గానీ దిశ తెలియదు. ఓపిక పట్టి దిక్సూచితో గీయమనడం అందుకే.

ఇప్పుడు పటాన్ని చదవండి. అయస్కాంతం వెలుపల రేఖలు ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి, లోపల దక్షిణం నుంచి ఉత్తరానికి సాగి సంవృత (మూసి ఉన్న) వలయాలవుతాయి. అయస్కాంతాన్ని రెండుగా విరిచినా ఒంటరి ధ్రువం దొరకదు. రెండు ముక్కలూ పూర్తి అయస్కాంతాలే. రేఖలు దగ్గర దగ్గరగా ఉన్నచోట క్షేత్రం బలంగా ఉంటుంది. ఏ రెండు రేఖలూ ఖండించుకోవు, ఎందుకంటే ఒకే బిందువు వద్ద సూది ఒకేసారి రెండు దిశలను చూపలేదు. అయస్కాంతానికి తూర్పున, పడమరన సమాన దూరంలో సూది ఏ దిశనూ నిలకడగా చూపని రెండు బిందువులు దొరుకుతాయి. అక్కడ అయస్కాంత క్షేత్రం, భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర అంశం (నేలకు సమాంతరంగా ఉండే భాగం) పరస్పరం రద్దవుతాయి. ఈ తటస్థ బిందువులను వెతికి పట్టుకోవడమే ఈ ప్రయోగంలో అన్నిటికన్నా సంతోషం కలిగించే ఘట్టమని నా అభిప్రాయం.

అదే దిక్సూచితో మరో అడుగు వేయవచ్చు. విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర సూది కదులుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఓయర్‌స్టెడ్ 1820లో గమనించాడు. తీగను సూదికి సమాంతరంగా, ఉత్తర-దక్షిణంగా, దాని పైన చాచి, ఘటానికి (బ్యాటరీకి) ఒకటి రెండు సెకన్లు మాత్రమే కలపండి; ఎక్కువసేపు కలిపితే తీగ వేడెక్కుతుంది. తీగను తూర్పు-పడమరగా పెట్టినవారికి సూది కదలకపోవచ్చు, ఎందుకంటే అప్పుడు తీగ క్షేత్రం కూడా ఉత్తర-దక్షిణంగానే ఉంటుంది. పొడవైన తీగలో 2 ఆంపియర్లు ప్రవహిస్తే 1 సెంటీమీటరు దూరంలో క్షేత్రం 40 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం); భూక్షేత్రం ప్రాంతాన్ని బట్టి సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లాల వరకు ఉంటుంది. రెండూ పోల్చదగినవి కాబట్టే సూది స్పష్టంగా పక్కకు తిరుగుతుంది. విద్యుత్తు దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రవహిస్తుంటే తీగ కింద ఉన్న సూది ఉత్తర కొన పడమరకు, తీగపైన ఉంచితే తూర్పుకు తిరుగుతుంది. కుడిచేతి బొటనవేలిని విద్యుత్తు దిశలో చాచితే మిగిలిన వేళ్లు తీగ చుట్టూ ముడుచుకునే వైపే క్షేత్ర దిశ; దీన్ని ఈ రెండు స్థానాల్లోనూ సరిచూసుకోండి.